‘ఎవరితో’ అనే గడి

పోయిన వారం పెద్ద సిస్టర్‌ను లాండ్రీ గది తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు, అక్కడిదాకా ఎందుకు వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

ఈ వృద్ధుల ఇంట్లో రెండో అంతస్తు మొత్తం మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లది. పదహారు మంచాలు. ఎనిమిది వారాలుగా అక్కడ ‘తోడు లెక్క’ నడుస్తోంది. ఉదయం పది నుంచి పన్నెండు దాకా అందరినీ హాల్లో గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒక్కొక్కరిని వారానికో అరగంట పాటు గమనించాలి. ఐదు నిమిషాలకోసారి చూసి, ఆ మనిషి పక్కవాళ్ల వైపు చూశారా, మాట్లాడారా, చేతికి ఏదైనా ఇచ్చి పుచ్చుకున్నారా అని కాగితం మీద టిక్కులు పెట్టాలి. ఆ కాగితం తయారుచేసిన డాక్టరమ్మ శుక్రవారం శుక్రవారం వచ్చి, మొత్తాలు కట్టి, కట్ట మేనేజరు చేతికిచ్చి పోతుంది. అందరూ ఆమెను టిక్కుల డాక్టరు అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఏమీ అనుకోదు.

లెక్క మొదలైనప్పుడు అందరికీ మంచే జరిగింది. ఏళ్ల తరబడి ఒకరికొకరు వీపు చూపించుకుని కూర్చున్న ఇద్దరు ముసలమ్మలను ఎదురెదురుగా కూర్చోబెడితే రెండో రోజే జడల గురించి పోట్లాడుకున్నారు, మూడో రోజు రాజీపడ్డారు. చిక్కల్లా మేనేజరు ఆ లెక్కను ఇంకో పనికి వాడుకోవడంతో వచ్చింది. సోమవారం కొత్తావిడ చేరుతోంది, ఒక మంచం ఖాళీ కావాలి. ఎవరి టిక్కులు అందరికంటే తక్కువో వాళ్లు కింది వార్డుకు దిగాలని ఆయన తేల్చేశాడు. కింది వార్డు అంటే ఒక మంచం, మంచానికి ఎదురుగా గోడ, గోడకు టీవీ. అక్కడ పక్కమనిషంటూ ఉండరు.

అందరికంటే తక్కువ కండక్టర్ గారికి. ముప్పై ఎనిమిదేళ్లు బస్సుల్లో టిక్కెట్లు కొట్టిన మనిషి, ఇక్కడ చేరిన పద్నాలుగు నెలల్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిది వారాలకు కలిపి ఆయనకు పడ్డవి నాలుగు టిక్కులు. అందులో ఒకటి, పక్కాయన తుమ్మితే తిరిగి చూసినందుకు. కూతురికి సిస్టరే ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ‘‘కింద నాన్నకి తోడెవరైనా ఉంటారా సిస్టర్?’’ అని మాత్రం అడిగింది. సంతకానికి ఎప్పుడు వస్తావని అడిగింది సిస్టర్. శనివారం వచ్చి సంతకం పెడతానంది కూతురు.

బుధవారం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తున్న వేళ కండక్టర్ గారి కుర్చీ ఖాళీగా కనబడింది. సిస్టర్ బాత్‌రూములు చూసింది, మెట్ల దగ్గరి గేటు చూసింది, లిఫ్టు చూసింది. చివరికి వరండా కొసన లాండ్రీ గది దగ్గరికి వస్తే, లోపలినుంచి ఆమె ఎన్నడూ వినని మగగొంతు వినబడింది. మనం ఆపింది అక్కడే.

ఇక తలుపు తీద్దాం.

లోపల ఆవిరి, సబ్బు వాసన. లాండ్రీ అమ్మాయి బల్ల దగ్గర దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. అమ్మాయి అంటే మరీ అమ్మాయి కాదు, నలభైకి దగ్గరపడింది, ఇద్దరు బడిపిల్లల తల్లి. గది మధ్యలో కండక్టర్ గారు రెండు చేతులతో తెల్ల దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. మిగతా రెండు కొసలు పోస్టుమాస్టరమ్మ చేతిలో ఉన్నాయి.

పోస్టుమాస్టరమ్మ గురించి రెండు ముక్కలు. ఎనభై ఏళ్లు, సన్నటి మనిషి. ఒకప్పుడు పోస్టాఫీసు మొత్తం ఒంటిచేత్తో నడిపింది. హాల్లో ఆవిడ నోటికి తాళం ఉండదు. ‘‘రిజిస్టరా, మామూలా?’’ ‘‘ఇక్కడ సంతకం పెట్టండి.’’ ‘‘ఆ వీధిలో ఆ నంబరే లేదు బాబూ.’’ ఇలా పొద్దుటినుంచీ సాగుతూనే ఉంటుంది. టిక్కుల్లో మొదటి ముగ్గురిలో ఆవిడొకతె. మేనేజరు కొత్తగా వచ్చే బంధువులకు ముందు ఆవిడనే చూపిస్తాడు.

ఆ వాగుడుకాయ ఇప్పుడు పెదవి కదపడం లేదు. ఇద్దరూ దుప్పటిని ఒకసారి గట్టిగా దులిపారు. నిలువుగా సగానికి మడిచారు. మళ్లీ సగానికి మడిచారు. అప్పుడు కండక్టర్ గారు ఆవిడ వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆవిడ కదల్లేదు, ఆయన కళ్లలోకే చూస్తూ నిలబడింది. దగ్గరికి రాగానే ఆయన తన చేతిలో ఉన్న కొసలను ఆవిడ చేతిలో పెట్టి, వంగి, కింద వేలాడుతున్న మడతను అందుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి ఆగాడు.

‘‘రైట్,’’ అన్నాడు.

ఆవిడ తన వైపు ఇంకో మడత వేసింది.

సిస్టర్ ముక్కుసూటి మనిషి. ఇరవయ్యేడేళ్ల నర్సు నౌకరీలో రాసింది జరిగినట్టు, రాయనిది జరగనట్టు అనుకుంటూ బతికింది. పద్నాలుగు నెలల పాటు ఆయన కాగితంలో ‘మాటలు లేవు’ అని రాస్తూ వచ్చింది ఆవిడే. ఆ మాటలు ఇప్పుడు ఆవిడ ముందే వినబడుతున్నాయి. కోపం రావాల్సిన చోట ఆవిడకు ముందు సిగ్గు వచ్చింది.

ఇస్త్రీ పెట్టె ఆగింది. లాండ్రీ అమ్మాయి తలెత్తి సిస్టర్‌ను చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

భయానికి కారణం ఆమె వెనక గోడమీదే అంటించి ఉంది. ‘ఇక్కడ ఉండేవారి చేత ఏ పనీ చేయించరాదు. చేయించిన వారిని వెంటనే తొలగించబడును.’ కింద పెద్ద సిస్టర్ సంతకం. రెండేళ్ల కిందట వంటింట్లో పనిచేసే ఆవిడ ఒక ముసలాయన చేత బఠానీలు ఒలిపించింది. ఆయన సరదాగానే ఒలిచాడు. చూడ్డానికొచ్చిన బంధువు ఒకాయన అది ఫోటో తీసి పైవాళ్లకు పంపాడు. డబ్బులు కట్టించుకుని చాకిరీ చేయిస్తున్నారని పెద్ద రభస అయింది. వంటింటావిడ ఆ వారమే ఇంటికి పోయింది. ఈ కాగితం ఆ గొడవలో పుట్టింది. వ్యాకరణం మేనేజరుది, సంతకం సిస్టర్‌ది.

సిస్టర్ జేబులోంచి ఖాళీ తోడు కాగితం ఒకటి, పెన్సిల్ ముక్క ఒకటి తీసింది. చేతి గడియారం చూసింది. ఒంటిగంటన్నర.

‘‘రాసుకుంటున్నారా అమ్మా?’’ లాండ్రీ అమ్మాయి గొంతు సన్నగా వచ్చింది.

‘‘రాస్తున్నా. మాట్లాడించకు, ఐదు నిమిషాలు దాటిపోతాయి.’’

‘‘నా మీదేనా?’’

‘‘నీ మీద రాయడానికి నువ్వేమన్నా మాట్లాడని మనిషివా? ఇస్త్రీ చేసుకో, గలీబు మాడుతోంది.’’

నిజంగానే మాడుతోంది. లాండ్రీ అమ్మాయి కంగారుగా పెట్టె పక్కకు తీసింది. ఏం జరుగుతోందో ఆమెకు అర్థం కాలేదు. అరగంట పాటు ఆ గదిలో ఒకరు టిక్కులు పెడుతూ, ఒకరు గుండె చిక్కబట్టుకుని, ఇద్దరు దుప్పట్లు మడుస్తూ గడిపారు. ఉన్నవాళ్లలో హాయిగా ఉన్నది ఆ ఇద్దరే.

చూసేకొద్దీ సిస్టర్‌కు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆయన నిలబడి ఉన్నాడు. హాల్లో ఆయన రోజూ లేచి నిలబడేవాడు. పడిపోతాడన్న భయంతో ఎవరో ఒకరు వెంటనే భుజం నొక్కి కూర్చోబెట్టేవాళ్లు. ఆ ఎవరో ఒకరు ఎక్కువసార్లు సిస్టరే. కూర్చోబెట్టాక ఆయన కిటికీ వైపు తిరిగేవాడు, కాగితంలో ‘ఆసక్తి చూపలేదు’ అని పడేది. ముప్పై ఎనిమిదేళ్లు నిలబడే జనంతో మాట్లాడిన మనిషి ఆయన. ఒకరి చేతిలోంచి ఏదో తీసుకోవడం, వాళ్ల చేతిలో ఏదో పెట్టడం, మొహం చూడటం, ముందుకు జరగడం, ఇదే ఆయనకు తెలిసిన పలకరింపు. దాన్ని మనమే కుర్చీలో కూలేసి, పలకరించడం లేదని రాశామే అనుకుంది సిస్టర్. కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిరి వల్ల అనుకోమని మనల్ని ఆవిడ కోరుతుంది, కోరితే కోరనివ్వండి.

దుప్పట్లు అయిపోయాయి. పోస్టుమాస్టరమ్మ దొంతర మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, వరండాలోకి వెళుతూనే మళ్లీ నోరు తెరిచింది. ‘‘రిజిస్టరా, మామూలా?’’ కండక్టర్ గారు ఆవిడ వెనకే నడిచి, తన కుర్చీలో కూర్చుని, కిటికీ వైపు తిరిగాడు.

సిస్టర్ తలుపు మూసింది.

‘‘ఎన్నాళ్ల నుంచి?’’

‘‘మూడు వారాలమ్మా.’’

‘‘నిజం చెప్పు.’’

‘‘రెండు నెలలు దాటింది.’’ లాండ్రీ అమ్మాయి పైటకొంగు వేలికి చుట్టుకుంది. ‘‘నేను రమ్మన్లేదమ్మా, పిల్లల మీద ఒట్టు. పెద్ద దుప్పటి ఒక్కదాన్నీ మడతపెట్టలేక గడ్డం కింద నొక్కిపట్టుకుని తంటాలు పడుతుంటే, ముందు పోస్టుమాస్టరమ్మ వచ్చి కొస అందుకుంది. వద్దమ్మా అన్నాను. వదిలితేగా. మర్నాడు ఈయన ఆవిడ వెనకాలే వచ్చి తలుపులో నిలబడ్డాడు. నా చేతిలో ఉన్న కొసల వంకే చూస్తున్నాడు. ఇచ్చేసి పక్కకు తప్పుకున్నా. నేను చేసింది అంతే.’’

‘‘నీ పని వాళ్ల చేత చేయించుకున్నావని ఎవరైనా అంటే?’’

‘‘నా పనా?’’ ఆమెకు ఆ క్షణంలో భయం కంటే ఉడుకుమోత్తనం ఎక్కువైంది. ‘‘నాకు పని పెరిగిందమ్మా. రోజూ ఉతికేది ఆరో ఏడో పెద్ద దుప్పట్లు. పావుగంటలో అయిపోతాయి. అయిపోతే వాళ్లు చేతులు చాపుకుని అలా నిలబడిపోతారు, చూడలేం. అందుకని బీరువాలో మడిచిపెట్టినవి తీసి, వాళ్లు రాకముందే మళ్లీ విప్పి కుప్ప పోస్తున్నా. ఇవాళ మడిచిన దుప్పట్లలో సగం నిన్న మడిచినవే.’’

సిస్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘‘ఆయన మాట్లాడతాడని నాకెందుకు చెప్పలేదు?’’

‘‘చెబితే, ఎక్కడ మాట్లాడాడని అడుగుతారు కదమ్మా.’’

సిస్టర్ అడిగేదే.

‘‘ఆయన్ని సోమవారం కిందకి దింపేస్తున్నారు, తెలుసా?’’

లాండ్రీ అమ్మాయికి తెలియదు. లాండ్రీ గదికి ఎవరూ ఏ వార్తా మోసుకురారు, మురికి దుప్పట్లు తప్ప. ఆమె కాసేపు గోడమీది కాగితం చూసింది, కాసేపు దుప్పట్ల దొంతర చూసింది.

‘‘మీరు రాసిన ఆ కాగితం ఇస్తే ఆగుతారా?’’

‘‘ఆగొచ్చు. కానీ దాంట్లో ఎక్కడ, ఏం చేస్తుండగా అని రెండు గడులు ఉన్నాయి. అవి ఖాళీగా వదిలితే కాగితం చెల్లదు.’’

‘‘వ్యాయామం అని రాయండి.’’

‘‘నేను చూసింది వ్యాయామం కాదు.’’

‘‘అవునులెండి, మీరు రాయరు.’’ లాండ్రీ అమ్మాయి కాస్త నవ్వింది, అందులో నవ్వేమీ లేదు. ‘‘మా చిన్నదానికి ఫీజు కట్టాల్సింది వచ్చే నెలే. నన్ను తీసేస్తే మళ్లీ పని దొరకడానికి ఎన్నాళ్లో. రాయొద్దని చెప్పాలనుంది అమ్మా. కానీ ఆయన్ని దింపేస్తే రేపు ఒంటిగంటన్నరకి ఆవిడొచ్చి కొసలు పట్టుకుని నిలబడుతుంది. అప్పుడు ఆవిడకి నేనేం చెప్పను?’’

వాషింగ్ మిషన్ ఒకటి తిరిగి తిరిగి ఆగింది.

సిస్టర్ తొందరపడే మనిషి కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని హాల్లోకి వెళ్లింది, మందులు ఇచ్చింది, టీలు ఇప్పించింది, ఒకాయన పళ్ల సెట్టు ఇంకొకాయన నోట్లో ఉంటే ఎవరిది వారికి చేర్చింది. సాయంత్రం డ్యూటీ దిగే ముందు తన బల్ల దగ్గర కూర్చుని గడులు నింపింది. ఎక్కడ: లాండ్రీ గది. ఏం చేస్తుండగా: దుప్పట్లు మడతపెడుతుండగా. ఎవరితో: ఒకరితో ఒకరు. చివరన ‘బాధ్యులు’ అన్న చోట తన హోదా రాసి సంతకం పెట్టింది. అంటే ఆ గదిలో ఆ పని బుధవారం నుంచి తన అనుమతితోనే జరుగుతోంది. అంతకు ముందు రెండు నెలల మాట కాగితం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నిజంలో సగం దాచడం ఆవిడకు కొత్త. అక్షరాలు మాత్రం బాగానే వచ్చాయి.

గురువారం మళ్లీ వెళ్లి ఇంకో అరగంట లెక్క రాసింది. రెండు రోజులకు కలిపి కండక్టర్ గారికి ముప్పై ఒక్క టిక్కులు. ఎనిమిది వారాల్లో నాలుగు వచ్చిన మనిషికి గంటలో ముప్పై ఒకటి. కూడిక తప్పేమోనని సిస్టర్ మూడుసార్లు కూడింది.

వెంటనే టిక్కుల డాక్టరుకు ఫోన్ చేసింది.

‘‘డాక్టర్ గారూ, మీ సూచనల పుస్తకం మూడో పేజీ నా ముందుంది. ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసే ఏ చోటైనా గమనించవచ్చు అని రాశారు. హాల్లోనే అని లేదు.’’

‘‘లేదండి. హాలు, పది నుంచి పన్నెండు అని పెట్టింది మీరే. ఆ టైములో మీకు మనుషులు ఖాళీగా ఉంటారన్నారు.’’

అవును, అన్నది ఆవిడే. ఎనిమిది వారాలుగా పదహారు మంది మనసులు తమ సిబ్బందికి తీరిక దొరికిన వేళకే తెరుచుకోవాలని ఏర్పాటు చేసింది కూడా ఆవిడే. సిస్టర్ ఆ మాట మింగి, లాండ్రీ గది సంగతి చెప్పింది.

‘‘రైట్ అన్నారా? ఆవిడ మొహం చూసి?’’

‘‘మొహం చూసే. పన్నెండుసార్లు చూస్తే తొమ్మిదిసార్లు.’’

‘‘సిస్టర్ గారూ, ఈ పని మొదలుపెట్టినప్పటినుంచీ నేను వినాలనుకున్న మాట ఇదే.’’

‘‘విన్నారుగా, ఇక లెక్కలో వెయ్యండి. మేనేజరుగారు అడ్డం పడితే పుస్తకం చూపించండి. దయ చూపించమని నేను అడగట్లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, రూలు ప్రకారం కట్టండి, చాలు.’’

‘‘తప్పకుండా. రూలు ప్రకారమే కడతాను,’’ అంది డాక్టరు.

మాట మీద నిలబడే మనిషి ఆమె. మన కథకు వచ్చిన ఇబ్బంది కూడా అదే.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో డాక్టరు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సిస్టర్ గదికి వచ్చింది. పొద్దున్నే వచ్చి ఆఫీసు గదిలో కూర్చుని మొత్తం ఎనిమిది వారాల కాగితాలూ మళ్లీ లెక్క కట్టిందట.

‘‘కండక్టర్ గారికి ముప్పై అయిదు. ఆయన ఎక్కడికీ వెళ్లరు, సిస్టర్ గారూ.’’

సిస్టర్ ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది. లేచి ఏం చెయ్యాలో తెలియక డాక్టరు కోసం నీళ్లు తెచ్చింది. కూతురికి ఫోన్ చెయ్యాలని రిసీవరు అందుకుంది. కింద నాన్నకి తోడెవరైనా ఉంటారా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, కింద కాదు పైనే ఉన్నారని చెప్పాలి. ఇన్నేళ్లలో ఒక ఫోన్ చెయ్యడానికి ఇంత ఆత్రం ఆవిడకు ఎప్పుడూ రాలేదు.

నంబరు నొక్కబోతూ ఆగింది. డాక్టరు నీళ్లు తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

‘‘మంచం ఒకటి ఖాళీ కావాలిగా. మరి ఎవరు వెళ్తున్నారు?’’

‘‘అది చెప్పడానికే వచ్చాను. కూర్చోండి.’’

‘‘చెప్పండి, ఫర్వాలేదు.’’

‘‘లాండ్రీ గది కాగితంలో మీరు ‘ఎవరితో’ అనే గడి ఎంత చక్కగా నింపారో చూశాక, అదే ఇద్దరి హాలు కాగితాలు తీసి పక్కన పెట్టుకున్నాను. పోస్టుమాస్టరమ్మకి నలభై ఎనిమిది టిక్కులున్నాయి. అందులో నలభై ఆరు ‘మాట్లాడారు’ అన్న వరసలోవి. ఆ నలభై ఆరింటికీ ‘ఎవరితో’ అన్న గడి ఖాళీ.’’

‘‘ఆవిడ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుంది కదండీ.’’

‘‘ఎవరితో?’’

సిస్టర్ నోరు తెరిచింది. ఎవరితోనో చెప్పబోయింది. పక్కన కూర్చునే పెద్దావిడతోనా? ఆవిడకు చెవుడు. ఎదురుగా ఉండే మాస్టారుతోనా? ఆయన ఎప్పుడూ నిద్రలో ఉంటాడు. పోస్టుమాస్టరమ్మ కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లతో మాట్లాడుతుంది. ఆ కౌంటరూ లేదు, అవతల మనుషులూ లేరు. ఎనిమిది వారాల పాటు ఆ ఖాళీ గాలికి టిక్కులు పెట్టింది ఎవరో చేతిరాత చూస్తే చెప్పక్కర్లేదు. అన్నీ సిస్టర్ చేతివే. మాట్లాడని మనిషి ఒంటరి, మాట్లాడే మనిషికి ఏ లోటూ లేదు అనుకుంది ఆవిడ. మనమూ అలాగే అనుకుంటాం.

‘‘ఎవరితో అని లేని మాటని లెక్కలోంచి కొట్టెయ్యాలి. అది కూడా మూడో పేజీలోనే ఉంది,’’ అంది డాక్టరు. ‘‘కొట్టేస్తే హాల్లో ఆవిడకి మిగిలినవి రెండు. లాండ్రీ గదివి ఇరవై మూడు కలిపాను. అక్కడ ఆవిడ మాట్లాడదు కాబట్టి ఆయనకంటే తక్కువ వచ్చాయి. మొత్తం ఇరవై అయిదు. మిగతా అందరికీ ముప్పై ఒకటి, అంతకంటే పైన.’’

సిస్టర్ రిసీవరు కింద పెట్టింది. కండక్టర్ గారిని పైన ఉంచడానికి ఆవిడ పట్టుబట్టి తెరిపించిన పేజీ, ఆయన ఎవరి మొహం చూసి మాట్లాడాడో ఆ మనిషినే కిందకు దింపుతోంది. తనే చేసింది. రూలు ప్రకారం అని నొక్కి మరీ చెప్పింది.

‘‘డాక్టర్ గారూ, ఈ కాగితం మేనేజరుగారికి ఇవ్వకండి.’’

డాక్టరు ఆశ్చర్యంగా చూసింది. ఆ మాట పెద్ద సిస్టర్ నోటివెంట వస్తుందని ఈ భవనంలో ఎవరూ నమ్మరు.

‘‘ఆవిడవి పాత టిక్కులే ఉండనివ్వండి. లేదంటే సోమవారం దాటేదాకా మీ దగ్గరే పెట్టుకోండి. నేను ఏదో ఒకటి ఆలోచిస్తాను. వాళ్లిద్దర్నీ విడదీస్తే ఆయన మళ్లీ నాలుగు టిక్కుల మనిషే అయిపోతాడు. ఆవిడ కింద గోడతో మాట్లాడుకుంటూ ఉంటుంది.’’

‘‘నాకు తెలుసు.’’ డాక్టరు గ్లాసు బల్లమీద పెట్టింది. ‘‘ఈ కాగితం నేను తయారుచేసింది ఎవరు ఒంటరిగా ఉన్నారో కనిపెట్టి దగ్గరికి తీసుకోవడానికి. ఎవర్ని వదిలించుకోవాలో తేల్చడానికి కాదు. ఇదే మాట ఇందాక మేనేజరుగారితో అన్నాను. ఆయన విన్నారు. వినడం వరకే.’’

‘‘ఇందాకా?’’

‘‘కట్ట ఆయన చేతికిచ్చే మీ దగ్గరికి వచ్చాను సిస్టర్ గారూ. ప్రతి శుక్రవారం ఇచ్చినట్టే ఇచ్చేశాను. లాండ్రీ గది గురించి ఆయన మిమ్మల్ని అడుగుతారనుకున్నాను, దానికి మీరు సిద్ధంగానే ఉన్నారు. ఆయన దాని జోలికే పోలేదు. మొత్తాలు చూసి, అన్నిటికంటే అడుగున ఉన్న పేరు చూసి, ఫోన్ అందుకున్నారు.’’

‘‘ఎవరికి?’’

బల్లమీద ఫోన్ మోగింది. సిస్టర్ ఎత్తింది. మేనేజరు. మంచి హుషారుగా ఉన్నాడు.

‘‘సిస్టర్, పని సులువైపోయింది. పోస్టుమాస్టరమ్మగారి అబ్బాయితో మాట్లాడాను. మీకు ఎక్కడ వీలైతే అక్కడ ఉంచండి అన్నాడు, చాలా మంచి మనిషి. సోమవారం ఆయనకి కుదరదట. ఇవాళే నాలుగింటికి వచ్చి సంతకం పెట్టేస్తాడు. మీరు ఆవిడ సామాను సర్దించి ఉంచండి, ఆయన ఉండగానే కిందకి దింపేద్దాం.’’

‘‘సార్, ఒక్క మాట...’’

‘‘మీ రాతపని బావుంది సిస్టర్. ఎక్కడా ఒక్క గడి వదల్లేదు. నాలుగింటికి,’’ అని ఆయన పెట్టేశాడు.

అవతలి మాటలు డాక్టరుకూ వినబడ్డాయి. సిస్టర్ గోడ గడియారం వైపు చూసింది. రెండుకు పది. వరండా కొసన లాండ్రీ గదిలో పోస్టుమాస్టరమ్మా, కండక్టర్ గారూ అప్పటికి తొమ్మిదో దుప్పటి మీద ఉన్నారు.